సగం బొండాం

శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. మరి తుఫాను వచ్చి మా ఉద్దానం కొబ్బరితోటల్ని నేలమట్టం చేసినప్పుడు ఆజ్ఞ ఎవరిచ్చినట్టు? ఏ పంతులూ చెప్పలేదు.

అమ్మకి అప్పటికే రెండు కిడ్నీలూ పాడైపోయాయి. మా వైపు అదేం వింత కాదు. వారానికి మూడుసార్లు పలాస తీసుకెళ్లి డయాలసిస్ చేయించేవాళ్లం. నీళ్లు కొలిచి తాగాలని, కొబ్బరినీళ్లు అసలే ముట్టకూడదని, గుండె ఆగిపోతుందని నర్సు మొదటి రోజే చెప్పింది. కొబ్బరితోటలో పుట్టి పెరిగిన అమ్మ ఆ మాట విని నవ్వేసింది.

గాలి తగ్గాక చూస్తే రోడ్డు పొడవునా చెట్లే. కరెంటు లేదు, మోటార్లు ఆడవు. ఊరు ఊరంతా రాలిన బొండాలు కొట్టుకుని తాగి బతికింది. నాన్న నలుగురిని వెంటేసుకుని గొడ్డలితో రోడ్డు మీది చెట్లు నరుకుతూనే ఉన్నాడు. ఒక డయాలసిస్ తప్పిపోయింది, తర్వాత రెండోదీ. అమ్మ ముఖం ఉబ్బిపోయింది, నోరు పిడచకట్టుకుపోయింది. తడిగుడ్డతో పెదాలు తుడుస్తూ తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. ఒక్కడూ పలకలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఓలమ్మీ, ఒక్క గుక్కియ్యే. ఊరంతా తాగతన్నారు, నానేటి పాపం సేసినాను?"

"వద్దమ్మా. నాన్న దారి సేసేత్తన్నాడు, సాయంత్రానికి పలాస ఎలిపోదాం."

"ఆ దేవుడికెలాగూ జాలి నేదు. నీకూ నేదా?"

ఆ మాట తట్టుకోలేకపోయాను. బొండాం కొట్టి సగం పట్టించాను. కళ్లు మూసుకుని తాగింది. అమ్మని అంత సంతోషంగా చూసి ఏళ్లయింది.

సాయంత్రం దారి తెరుచుకుంది. ట్రాక్టరు మీద తీసుకెళుతుంటే పూండి దాటకముందే పోయింది. రెండు డయాలసిస్‌లు తప్పాయి కదా, అందుకే అన్నాడు డాక్టరు. కావచ్చు.

దినాలకి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట, "అంతా ఆ భగవంతుడి సేతుల్లో ఉంది, మనదేటుంది?" అని. నాన్న కూడా తలూపాడు. నేనిచ్చిన నీళ్ల సంగతి ఆయనకి ఇప్పటికీ తెలీదు.

దేవుడు అన్నీ చెయ్యగలవాడా, కాదా అని వాదించుకునే ఓపిక నాకు లేదు. చెయ్యగలవాడైతే ఆయన్ని ఈ జన్మలో క్షమించను. చేతకానివాడైతే మా అమ్మని చంపింది నేనే. అందుకే రోజూ పొద్దున్నే దీపం పెట్టి ఒకటే అడుగుతాను. నువ్వే చేశావని ఒప్పుకో.