ఆర్డిస్ ఇంటి మూగ టీవీ

ఆర్డిస్ పోయాక చర్చి పత్రికలో నాలుగు వాక్యాలు వేశారు. ఫలానా ఏట పుట్టింది, గ్లెన్‌ని పెళ్లాడింది, ముప్పై ఒక్క ఏళ్లు బడి వంటశాలలో వండింది, ప్రభువు సన్నిధికి చేరింది. అబద్ధం ఒక్కటీ లేదు, కానీ ఆర్డిస్ కూడా లేదు. యాభై ఏళ్లు ఎదురింట్లో ఉన్నదాన్ని. మిగతాది నేను రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

మా వంటింటి కిటికీలోంచి చూస్తే ఆమె హాలు కనిపిస్తుంది. అధ్యక్ష పదవికి పోటీపడేవాళ్లు టీవీలో వరసగా నిలబడి వాదించుకునే రోజుల్లో అయోవా రాష్ట్రంలోని మా రూడాల్ ఊళ్లో ఏ ఇంటి ముందు నడిచినా అవే అరుపులు వినిపిస్తాయి. ఆర్డిస్ ఇంట్లో మాత్రం బొమ్మలే ఆడేవి. గొంతు పూర్తిగా నొక్కేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, రెప్ప వేయకుండా చూసేది. చెవుడొచ్చిందేమోనని ఒకసారి వెనక తలుపు నుంచి వెళ్లి మెల్లిగా దగ్గాను.

"తలుపు తట్టి రావచ్చుగా లవోన్ వదినా," అంది తల తిప్పకుండానే.

చెవులు బాగానే ఉన్నాయి. మరి సంగతేమిటో తెలుసుకోడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఏ ఇంట్లో ఏం ఉడుకుతోందో పొద్దుగూకేలోపు తెలియకపోతే ముద్ద దిగని మనిషిని నేను. ఆ మూడేళ్లూ ఎలా గడిపానో నాకే తెలుసు.

అసలు కథ డెబ్భై ఆరులో మొదలైంది. ఆర్డిస్‌కి అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. అక్క డెల్మా రెండేళ్లు పెద్ద. ఇద్దరివీ ఒకే వీధిలో కాపురాలు. ఆ ఏడు అధ్యక్షుడూ, ఆయన మీద నిలబడ్డ వేరుశనగ రైతూ ఒకే వేదికెక్కి వాదించుకుంటుంటే అక్కచెల్లెళ్లు డెల్మా ఇంట్లో కూర్చుని చూస్తున్నారు. ఉన్నట్టుండి అక్కడ శబ్దం ఆగిపోయింది. ఇరవై ఏడు నిమిషాలు! దేశాన్ని ఏలాల్సిన ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా, కూర్చోకుండా, బల్లల వెనక కొయ్యబొమ్మల్లా నిలబడిపోయారు.

"అయ్యో పాపం, పలకరించుకోడానిక్కూడా మైకు కావాలిటే వీళ్లకి," అంది డెల్మా.

"ఉండవే అక్కా, మనం పలికిద్దాం. ఎడం చేతి వైపాయన నీవాడు, కుడివైపాయన నావాడు."

డెల్మా గొంతు మార్చింది. "అయ్యా, తమరి వేరుశనగ ఎలా ఉంది?"

"ఏం చెప్పమంటారు! తమరి పరిపాలనలో గోధుమలాగే, ధర లేకుండా ఉందండీ," అంది ఆర్డిస్.

నవ్వీ నవ్వీ డెల్మా సోఫా మీంచి జారి కింద పడిందట. పశువుల కొట్టంలోంచి వచ్చిన మొగుడు ఇంట్లో ఎవరైనా పోయారేమోనని హడలిపోయాడట.

అదొక ఆనవాయితీ అయిపోయింది. నాలుగేళ్లకోసారి వాదనలు రాగానే చీటీలు తీసి, ఎవరి పాలిటికి ఎవరొస్తే వాళ్ల తరఫున కూర్చునేవాళ్లు. ఇద్దరి ముందూ చెరో రేకు గ్లాసు, మధ్యలో గుప్పెడు ఎండు మొక్కజొన్న గింజలు. మనవాడు మంచి మాట అంటే మన గ్లాసులో గింజ పడాలి. ఆర్డిస్ ఆ రోజు బడిలో వండినట్టే మిరపకాయ బీన్సు పులుసు, దాల్చినచెక్క రొట్టె చుట్టలు చేసేది. ఆ రెండూ కలిపి తినడమేమిటని బయటివాళ్లు మూతి తిప్పుతారు. తిననివాళ్లకేం తెలుసు!

ఆట పక్కన పెడితే ఇద్దరి లెక్కలూ వేరు. తడబడకుండా మాట్లాడేవాడు దేశాన్నీ తడబడనివ్వడని డెల్మా నమ్మకం. "పోవే! మాటలు బాగా చెప్పేవాళ్లను మా వంటశాలకి ఏటేటా పంపేవాళ్లు. సరుకే వచ్చేది కాదు," అనేది ఆర్డిస్.

గ్లెన్ గుండెపోటుతో పోయేనాటికి కొడుకు వేడ్‌కి తొమ్మిదేళ్లు. పెద్ద చదువుకి ఫీజు వాళ్లే కడతారని వేడ్ పద్దెనిమిదో ఏట సైన్యం రిజర్వు దళంలో పేరిచ్చాడు. నెలకో వారాంతం కవాతు, అంతేనన్నారు. తర్వాత యుద్ధమొచ్చింది. ఇరాక్‌లో, పేరు పలకడం కూడా మాకు రాని ఒక వంతెన దగ్గర పోయాడు. ఇరవై రెండేళ్ల పిల్లాడు. శవపేటిక వచ్చిన రోజు చెల్లెల్ని పట్టుకుని నిలబడింది డెల్మానే. నెల రోజులు ఆ ఇంట్లోనే పడుకుంది. ఇది మర్చిపోకుండా మిగతాది చదవండి.

వేడ్ పోయిన మూడో ఏడు మళ్లీ వాదనలొచ్చాయి. ఆట వద్దులే అంది డెల్మా. వాడికీ ఆ ఆట ఇష్టమేగా, ఆడదామంది ఆర్డిస్. ఆనాడు చట్టసభలో యుద్ధానికి సరేనని చెయ్యెత్తిన పెద్దల్లో ఒకాయన ఆ రాత్రి చీటీలో డెల్మా పాలిటికొచ్చాడు. ఆయనంటే ఆమెకి నిజంగానే ఇష్టం కూడాను. ఆ చెయ్యెత్తడం గురించి ఆయన్ని నిలదీశారు. ఆయన చిన్నగా నవ్వి, ప్రశ్నని అలవోకగా తిప్పి, అడిగినాయన మీదికే విసిరాడు. హాలంతా చప్పట్లు.

డెల్మా చెయ్యి గింజ తీసి గ్లాసులో వేసేసింది.

టక్కుమంది.

"ఆ చెయ్యి నాది కాదు వదినా, ముప్పై ఏళ్ల అలవాటుది. గింజ వదిలాక కదా నాకు తెలిసింది," అని తర్వాత నా దగ్గర ఎన్నిసార్లు ఏడ్చిందో!

ఆర్డిస్ అరవలేదు. లేచి టీవీ గొంతు నొక్కేసింది. "ఇంటికెళ్లు అక్కా," అంది. అంతే. ఆ మాట తర్వాత పన్నెండేళ్లు ఇద్దరి మధ్యా మాట లేదు. చర్చిలో ఒకరు కుడి బల్ల మీద, ఒకరు ఎడమ బల్ల మీద. డెల్మా మెట్ల మీద పెట్టొచ్చిన ఆపిల్ ముక్కలు కూరిన రొట్టె, మూత కూడా తియ్యకుండా తిరిగి ఆమె మెట్ల మీదికే చేరేది.

మూగ టీవీ గుట్టు ఆర్డిస్ నాకు చెప్పింది ఒక ఎండాకాలం, ఇద్దరం బఠాణీలు ఒలుస్తూ కూర్చున్నప్పుడు.

"మాటలు వింటే ఎవరో ఒకరికి గింజ వెయ్యాలనిపిస్తుంది వదినా. అందుకే వినను. యుద్ధం మాట వచ్చినప్పుడు కింద అక్షరాలు పడతాయి. అప్పుడు ఎవరి కళ్లు కిందికి దిగుతాయో చూస్తాను."

"దిగాయా ఎవరివైనా?"

"ఇన్నేళ్లలో ఒక్కడివి."

ఆ ఒక్కడూ రెండువేల ఇరవైలో మళ్లీ పోటీలో ఉన్నాడు. ఊళ్లో అతని పేరు తెలిసినవాళ్లు డజను మంది ఉంటారో ఉండరో.

జనవరిలో ఆర్డిస్‌ని పక్క ఊరి ఆసుపత్రి కారు దింపి వెళ్లింది. నేను చూడనే చూశాను, చూశాక అడక్కుండా ఉండను. క్యాన్సర్. వసంతం దాకా అన్నాడట డాక్టరు. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు సాయంత్రం దాకా నిలిచింది. చీకటి పడకముందే డెల్మా వంటింట్లో ఉన్నాను.

డెల్మా చాలాసేపు బల్ల మీది గుడ్డని మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది. "ఇంటికెళ్తే తలుపు తియ్యదు. కాకస్‌లో దాని పక్కకి వెళ్లి నిలబడతాను వదినా," అంది.

మా అయోవాలో పార్టీ తన మనిషిని ఎంచుకునే ఈ కాకస్ సాయంత్రం పెట్టెల్లో చీటీలుండవు. బడి ఆటల హాలుకి అందరం వెళ్తాం. ఎవరికి నచ్చిన మనిషి పేరు దగ్గర వాళ్లు నిలబడతాం. తలలు లెక్కపెడతారు. వచ్చినవాళ్లలో నూటికి పదిహేను మందైనా లేని గుంపు చెల్లదు, చెదిరిపోవాలి. అప్పుడు రెండో లెక్కకి ముందు కొంచెంసేపు బతిమాలుడు. ఇటు రా, అటు రా. నలుగురూ చూస్తుండగా గుంపు మారడమంటే మాట కాదు. అలా మారినవాళ్ల పేర్లు ఊరు ఇరవై ఏళ్లు చెప్పుకుంటుంది.

"మొదటే వెళ్లి నిలబడకు," అన్నాను నేను. "ఎవరికీ పట్టదు. ముందు నీ గుంపులో నిలబడు. మొదటి లెక్క అయ్యాక హాలు మధ్యలోంచి నడు. అది చూస్తుంది, ఊరంతా చూస్తుంది. అప్పుడు కాదనలేదు."

డెల్మా నా రెండు చేతులూ పట్టుకుంది.

ఆ హాలులో తలలు లెక్కపెట్టేది పాతికేళ్లుగా నేనే. ఆ ఏడు కొత్త నియమాలొచ్చాయని మమ్మల్ని పిలిచి శిక్షణ కూడా ఇచ్చారు. వెళ్లాను. గంటన్నర కూర్చున్నాను. పక్క బల్ల మీదావిడ కూతురి విడాకుల కథ మంచి పట్టులో ఉంది. నియమాల్లో ఒక్క ముక్క నా చెవిన పడలేదు.

ఫిబ్రవరి మొదటి సోమవారం. హాలుకి అరవై ఒక్క మంది వచ్చారు. బాస్కెట్‌బాల్ వలల కింద పేర్లు అంటించారు. ఆర్డిస్ కోటు ఆమె మీద కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. కుర్చీ తెస్తానంటే వద్దంది. "ఈ హాల్లో ముప్పై ఏళ్లు నిలబడే వడ్డించాను. ఒక్క గంట నిలబడలేనా?"

సభ నడిపేది సైన్సు మాస్టారు కర్టిస్. లెక్క నేనే చెప్పాను. డెల్మా గుంపు ఇరవై ఏడు. రెండో గుంపు ఇరవై ఐదు. ఆర్డిస్ గుంపు తొమ్మిది. చెల్లాలంటే పది కావాలి.

ఒక్కరు!

నాకు ఒళ్లు పులకరించింది. దేవుడే అమర్చాడనుకున్నాను. అందరూ చేతిలో కార్డుల మీద పేర్లు రాసి సంతకాలు పెట్టారు. డెల్మా కార్డు కర్టిస్‌కిచ్చి, స్వెట్టరు సర్దుకుని, హాలు మధ్యలోకి నడిచింది. డెబ్భై మూడేళ్లు దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు. నేల మీది పసుపు గీత దాటింది. హాల్లో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వాళ్ల సంగతి తెలియనివాళ్లెవరున్నారు? ఆర్డిస్ చూసింది. చెయ్యి కోటు జేబులోంచి బయటికి వచ్చింది కూడా.

"పది!" అని అరిచారు ఎవరో. తొమ్మిది మందీ చప్పట్లు కొట్టారు.

"క్షమించాలి డెల్మా గారూ," అన్నాడు కర్టిస్. "మీ గుంపు మొదటి లెక్కలోనే చెల్లింది. మీరు కార్డిచ్చేశారు. ఈ ఏడు చెల్లిన గుంపువాళ్లు మారడానికి లేదు. కొత్త నియమం కదండీ, శిక్షణలో చెప్పారుగా లవోన్ గారూ?"

అందరూ నా వైపు చూశారు. డెల్మా కూడా. ఆర్డిస్ మాత్రం అక్కనే చూస్తోంది.

"నీ ఓటు నీ మనిషికి పదిలంగా పడేసి, లెక్కకి రాని కాళ్లతో నడిచొచ్చావా అక్కా?" అంది మెల్లిగా. "చప్పట్లు కూడా పడ్డాయిగా. బాగుంది. ఇదీ నీ గ్లాసులోకే."

"కాదే ఆర్డీ, నాకు తెలీదే..."

ఆర్డిస్ బొత్తాలు పెట్టుకుంది, పైబొత్తాం పట్టలేదు. అలాగే మంచులోకి వెళ్లిపోయింది. ఆమె మనిషి మా హాల్లో సున్నాతో ముగిశాడు. ఆ సున్నా నా చేత్తోనే రాశాను.

అప్పుడు నేను వెంటపడి ఉండాల్సింది. కానీ సిగ్గు. ఊరందరి సంగతులూ ఊరందరికీ మోసే నేను, నా తప్పు ఒక్కటి ఎదురింటికి మోయడానికి రెండు వారాలు తీసుకున్నాను. అప్పటికి ఆమెని ఆసుపత్రిలో చేర్చారు. మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను, విడాకుల కథతో సహా.

ఆర్డిస్ కళ్లు మూసుకునే వింది. తర్వాత ఆమె ఛాతీ కదిలింది. నవ్విందని తెలియడానికి నాకు కొంతసేపు పట్టింది.

"ఇంతకీ ఆ పిల్ల విడాకులు తీసుకుందా?"

"లేదు. సర్దుకున్నారు."

"మంచిది," అంది. "అక్కని ఆదివారం రమ్మను. చర్చి అయ్యాక. రొట్టె చుట్టలు తెమ్మను, నువ్వు చెయ్యకు, అదే చెయ్యాలి," అంది.

శనివారం తెల్లారేసరికి ఆమెకి మాట పడిపోయింది. మందు మత్తో, జబ్బో, నర్సులు సరిగ్గా చెప్పలేదు. కళ్లు ఒకసారి తెరిచేది, గంటసేపు మూసేది.

డెల్మా వచ్చింది. ఒక చేతిలో రొట్టెల పళ్లెం, ఇంకో చేతిలో రెండు రేకు గ్లాసులున్న సంచి. గదిలో టీవీలో మొన్నటి వాదననే మళ్లీ చూపిస్తున్నారు. గొంతు ఎవరో నొక్కి ఉంచారు. వేదిక మీద మనుషులు నోళ్లు తెరుస్తున్నారు, వేళ్లు చూపిస్తున్నారు.

డెల్మా కుర్చీ లాక్కుంది. "ఆర్డీ, ఎడం వైపాయన నావాడే. కుడివైపాయన నీవాడు. సరేనా?" అంది. గొంతు మార్చింది. "అయ్యా, తమరి వేరుశనగ ఎలా ఉంది?"

జవాబు కోసం ఆగింది. నలభై నాలుగేళ్ల కిందటి జవాబు నాకూ నోటికొచ్చు. నేను కిటికీ వైపు తిరిగాను. ఆ జవాబు నేను చెప్పడానికి లేదు.

చాలాసేపటికి డెల్మా సంచిలోంచి ఒక గింజ తీసింది. గ్లాసులో వెయ్యలేదు. చెల్లెలి అరచేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే మూసి, ఆ పిడికిలిని తన రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది. రొట్టెలు మూత కిందే చల్లారాయి.

మంగళవారం పొద్దున్నే ఆర్డిస్ వెళ్లిపోయింది. నేను ఆసుపత్రికి వెళ్లి, ఆ పూట పని చేసిన నర్సమ్మని పట్టుకుని అడిగాను. పోయేటప్పుడు ఆవిడ చెయ్యి మూసి ఉందా, తెరిచి ఉందా? దుప్పట్లో గింజ ఏమైనా దొరికిందా?

"నేను చూడలేదండీ," అంది ఆ పిల్ల. "దుప్పట్లు ఉతుకుడికి వెళ్లిపోయాయి."

ఆ చెయ్యి మూసే ఉందా అని డెల్మా నన్ను ఇప్పటికీ అడుగుతుంది. ఊళ్లో నీకు తెలియనిది లేదుగా వదినా, చెప్పు అంటుంది.