మినిట్స్ పుస్తకంలో ఒక యుద్ధం

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని మా తెలుగు సంఘంలో మినిట్స్ పుస్తకం రాసేది నేను. నా మీద గౌరవంతో ఇచ్చిన పని అనుకోకండి. మా పిల్లలకి తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. పెద్దవాళ్లకి రాయడం వచ్చు, కళ్లు ఆనవు. మధ్యలో దొరికిపోయినదాన్ని నేను.

ఎండలు ముదరకముందే సముద్రం అవతల ఎక్కడో యుద్ధం మొదలైంది. మొదటి వారం మా కాలనీ నిండా వీరులే. షెడ్డులో డ్యూటీ దిగొచ్చిన మగవాళ్లు టీ చల్లారేలోగా రెండు నగరాలు పట్టేసేవారు. ఆ ఊపులోనే సంఘం మీటింగుకి మా వార్డు నాయకుణ్ణి పిలిచి దండ వేశాం. ఆయన లెక్కలో యుద్ధం పదిహేను రోజుల పని. "మన పిల్లలెవరైనా అక్కడ చిక్కుకుంటే బాధ్యత నాది, నన్నడగండి" అని హిందీలో గుండె మీద చెయ్యేసుకుని మరీ చెప్పాడు. యుద్ధాన్ని సమర్థిస్తూ చప్పట్ల మధ్య తీర్మానం చేశాం. ముఖ్య అతిథి చేత పుస్తకంలో సంతకం పెట్టించడం మా ఆనవాయితీ. పెట్టించాం.

పదిహేను రోజులు పోయి రెండు నెలలయింది, యుద్ధం మాత్రం అవలేదు. గ్యాస్ బండ కోసం ఎదురుచూపులు, కరెంటు పొయ్యి మీద అట్లు. కాలనీలో ఎవర్ని కదిపినా "నేను ముందే అన్నాను కదా!" అనేవారే. అందరూ ముందే అంటే మరి ఆ చప్పట్లు కొట్టిందెవరో! నిజం చెప్పొద్దూ, నేనూ ఒకరిద్దరి దగ్గర ఆ మాట అన్నాను.

మా పక్క క్వార్టర్ వదిన కొడుకు సరుకుల ఓడలో పనిచేస్తాడు. ఆ ఓడ అక్కడి రేవులోనే చిక్కుకుపోయింది. వదిన మూడుసార్లు తిఫ్రా పేటలో ఉండే నాయకుడి ఇంటికి వెళ్లింది. మూడోసారి ఆయన, "నేనలా అనలేదే, మీరు పొరపాటు పడ్డారు" అన్నాడట. తిరిగొచ్చి మా వంటింట్లో పీట మీద కూలబడింది.

"నేనే తప్పుగా విన్నానేటే?"

"తప్పుగా వినడమేటి వదినా? నా చేత్తో రాసినాను కదా!"

కన్నకొడుకు కోసం తిరిగే మనిషికి తన చెవుల మీదే నమ్మకం పోయేట్టు చేశాడు కదా! అక్కడ మండింది నాకు.

ఆ ఆదివారమే సంఘం మీటింగు. మళ్లీ ఆయనే ముఖ్య అతిథి. ఎప్పుడైనా పాత మినిట్స్ చదివాకే మా మీటింగు మొదలవుతుంది. ఆరోజు మా సెక్రటరీ, రిటైరైన గార్డు మావయ్య, నన్ను పక్కకి పిలిచాడు.

"ఈపాలికి పాత మినిట్స్ వద్దమ్మా. టైమయిపోతాది."

"సమోసాలు చల్లారిపోయినా చదివించీవోరు. ఇవాళేటి తొందర మావయ్యా?"

"ఓసి పిచ్చిదానా! ఆ తీర్మానం పెట్టింది నువ్వే. మర్చిపోనావేటి?"

మర్చిపోలేదు. పొద్దున్నే ఆ పేజీ నాలుగుసార్లు చదువుకున్నాను. నా వాక్యం ఒక్కటీ మింగేసి మిగతాది చదవొచ్చు. పుస్తకం ఎవరు చూడొచ్చారు? కానీ నా మాట నేను మింగేస్తే ఆయన మాట కక్కమని ఏ మొహంతో అడగను?

లేచి చదివాను, ఒక్కో వాక్యం ముందు తెలుగులో, వెంటనే ఆయన కోసం హిందీలో. "చరిత్రలో ఇంత అవసరమైన యుద్ధం మరొకటి లేదు" అన్న నా వాక్యం రాగానే వెనకనుంచి ఎవరో, "అబ్బో, సేనాపతి గారు!" అన్నారు. హాలంతా నవ్వు.

"అవును, నేనే అన్నాను. తప్పే అన్నాను. ఈ ముక్క కూడా రాసుకుంటాను లెండి," అని తరవాతి వాక్యం చదివాను, బాధ్యత నాది అన్నది. నవ్వు ఆగిపోయింది.

"అచ్ఛా... అలా అన్నానా బహన్‌జీ?"

పుస్తకం ఆయన ముందు పెట్టాను. తెలుగు రాకపోయినా తన సంతకం తనకి తెలుస్తుంది కదా. ఈలోగా వదిన లేచి, కొడుకు వివరాల కాగితం ఆయన చేతిలో పెట్టి, తనకొచ్చిన హిందీలో అంది.

"బాబూ, యుద్ధం గెలవమని నేనడగలేదు. నా పిల్లోణ్ణి అడుగుతున్నాను."

ఆయన అక్కడే ఢిల్లీకి ఫోన్ చేశాడు. చేసి మర్చిపోతాడని మాకు తెలుసు. అందుకే రోజూ పదిమంది ఆడవాళ్లం తిఫ్రా ఆటో ఎక్కాం. నాలుగోరోజు నుంచి ఆయన వీధి గుమ్మంలో కనబడటం మానేశాడు గానీ, వాళ్లావిడ మాకు టీ ఇచ్చి, పెరట్లో ఉన్నాడని సైగ చేసేది.

మూడు వారాలకి పిల్లాడు వచ్చాడు. స్టేషన్‌లో మాకంటే ముందే దండ పట్టుకుని నాయకుడు! రైలు ఆగీ ఆగకముందే చుట్టూ చేరినవాళ్లతో, "ఈ యుద్ధం తప్పని నేను మొదటిరోజే చెప్పాను" అంటున్నాడు. నా చెయ్యి సంచిలో ఉన్న పుస్తకం మీదికి పోయింది. వదిన పట్టుకుని ఆపింది.

"ఈ పూటకి వదిలీయవే. పిల్లోడు ఆకలితో ఉన్నాడు."

వదిలేశాను. ఇంటికెళ్లి వాడికి అట్లు పోసిపెట్టాక, చేతులు కడుక్కుని ఆ ముక్క కూడా పుస్తకంలో రాశాను. కింద ఆయన సంతకానికి జాగా వదిలిపెట్టాను.