ముప్పై సెకన్ల స్లీప్

రెండువేల తర్వాతి తొలి ఏళ్ళలో బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. మా టీమ్‌కు ఒక దిక్కుమాలిన అలవాటుండేది. టెస్టు ఫెయిలైతే మళ్ళీ నడపడం. మూడుసార్లలో ఒక్కసారి పాసైనా పాసే. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఒక మెషీన్‌లో రాసిన ఆర్డరు రెండో మెషీన్‌కు చేరాలి. చేరిందో లేదో చూసే టెస్టు ఒకరోజు పాసయ్యేది, ఒకరోజు ఫెయిలయ్యేది. దాన్ని చూసుకునేది గుంటూరు నుంచి వచ్చిన ఒకమ్మాయి. వాళ్ళమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఈ పిల్ల మారతహళ్ళిలో పీజీ హాస్టల్లో ఉండేది. ప్రొబేషన్ ముగియవస్తోంది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అయినా మళ్ళీ నడిపేది కాదు. ఫెయిలైతే ఫెయిలనే రాసేది. కస్టమర్లకు వెళ్ళాల్సిన రిలీజు ఆగిపోయేది.

మా టీమ్ లీడ్ పాత బెంగళూరు తెలుగాయన. నా దగ్గరికొచ్చి, "టైమింగ్‌ది గలాటా ఉండాది, అంతే. కొంచెం స్లీప్ పెట్టప్పా, సరిపోతాది," అన్నాడు. స్లీప్ అంటే టెస్టును కాసేపు ఊరికే కూర్చోబెట్టే లైను. ఐదు సెకన్లు పెట్టాను. చాల్లేదు. పది. చివరికి ముప్పై పెడితే పాసైంది. ఏదో ఘనకార్యం చేసినట్టు అందరికీ టీ కూడా తాగించాను, సిగ్గులేకుండా.

ఆ అమ్మాయి నా సీటు దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "టెస్టంటే ఆగుద్దండీ. కస్టమరు ఆగుతాడా?"

నీకెందుకమ్మా, ముందు నీ కన్ఫర్మేషన్ సంగతి చూసుకో అని నవ్వేశాను.

ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. రెండు వారాలకు స్లీప్ తీసేసి, రెండు మెషీన్లూ తాము చేసినవి రాసుకునే లాగ్‌లు పక్కపక్కన పెట్టి చూశాను. ఆర్డరు ఆలస్యంగా రావడం కాదు, కొన్నిసార్లు దారిలోనే పోతోంది. అరనిమిషానికోసారి నడిచే ఇంకో ప్రోగ్రాం పోయినవాటిని ఏరి తెచ్చి పడేస్తోంది. నా ముప్పై సెకన్లు ఆ తప్పును కప్పిపెట్టాయి. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ పూటే సరిచేశాను. స్లీప్ లేకుండానే ఎన్నిసార్లు నడిపినా పాసైంది. ఆ అమ్మాయికి చెబుదామంటే రెండ్రోజులుగా సీట్లో లేదు. జ్వరమేమో అనుకున్నాను. లీడ్ దగ్గరికెళ్ళి, ఆ అమ్మాయి చెప్పిందే నిజమన్నాను.

ఆయన తలెత్తలేదు. "ఇప్పుడేం చేసేదప్పా, ఆ పాపకు లెటర్ ఇచ్చేసినాము."

లేని తప్పులు చూపించి రిలీజు ఆపిందట, అందుకని కన్ఫర్మ్ చెయ్యకుండా పంపేశారట. లెటర్ కాపీ ఆయన బల్లమీదే ఉంది. దానికి రుజువుగా పిన్ను కొట్టిన కాగితం, స్లీప్ పెట్టి నేనిచ్చిన పాస్ రిపోర్టు.