బందర్లో లాడ్జి

మా ఇంట్లో సెలవులంటే తిరుపతి, శ్రీశైలం, అన్నవరం. ఈ మూడింట్లో ఏదన్నది మావారు చెప్తారు, అత్తగారు సరేనంటారు, నేను పులిహోర కలుపుతాను. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఊరు ఎంచే మాట నా దాకా రాలేదు. బెజవాడ గవర్నర్‌పేటలో మాకు బట్టల షాపుంది. ఈ ఏడు సంక్రాంతి బేరాలు అయిపోయి, షాపుకి సెలవులిచ్చే రోజులు దగ్గరపడగానే ముందుగా నేనే నోరు విప్పాను.

"ఈసారి ఊళ్ళు నేను చెప్తాను. ముందు ఘంటసాల, అట్నించి బందరు. రాత్రికి బందర్లోనే ఉందాం."

మావారు పేపర్లోంచి తలెత్తారు. "బందర్లో లాడ్జా? ఎందుకూ, కోర్టు వాయిదా ఏమన్నా ఉందా?"

ఆయన్ననుకుని లాభం లేదు. బెజవాడ వాళ్ళెవరూ బందరు చూడ్డానికి వెళ్ళరు. కోర్టు పనో, కలెక్టరాఫీసు పనో పడితే వెళ్తారు, పనవగానే బస్సెక్కేస్తారు. మా పక్క షాపాయన కూడా ఆ వాయిదా మాటే అడిగాడు, పైగా జాలిగా. నాకు ఒళ్ళు మండింది. గోవా ఫోటోలు చూసి నోళ్ళు వెళ్ళబెట్టే జనానికి ఇంత దగ్గర్లో ఉన్న సముద్రం కంటికి ఆనదా? డచ్చివాళ్ళు ఓడలేసుకుని వెతుక్కుంటూ వచ్చిన రేవు మనకి వాయిదాలకేనా? ఇలా వారం రోజులు సణిగాను. చివరికి మావారు దిగొచ్చారు.

"సరే, పద. కానీ అమ్మకి నచ్చలేదో, ఇంక జన్మలో నువ్వు ఊరి పేరెత్తకూడదు."

"అలాగేనండీ," అన్నాను. అన్నాక గాని ఎంత పెద్ద పందెం కాశానో తెలిసిరాలేదు.

పామర్రు దాటి ఘంటసాల చేరాం. పచ్చిక మొలిచిన పాత బౌద్ధ స్తూపాన్ని చూసి మావారు, "ఇటుకల కోసమా ఇంత దూరం?" అన్నారు. నేను అత్తగారిని పక్కనే ఉన్న మ్యూజియంలోకి తీసుకెళ్ళాను. ఆవిడ ఒక రాతిబొమ్మ ముందు ఆగిపోయారు. ఆ బొమ్మ నడుముకున్న నగ మీదికి వంగి చూసి, "అచ్చం ఇట్టాంటి వడ్డాణం మా అమ్మమ్మకుండేది," అన్నారు. నాకు సగం ఊపిరి తిరిగొచ్చింది.

ఆ సగం కూడా బందరు పక్కన మంగినపూడి బీచిలో పోయింది. సాయంత్రం ఎండ తగ్గాక వెళ్ళాం. ఎంత దూరం చూసినా జనం లేరు. అత్తగారు మాత్రం నీళ్ళకి దూరంగా, పొడి ఇసకలో చతికిలబడ్డారు.

"నేను రానమ్మాయ్. ఇవాళ పున్నమీ కాదు, అమావాస్యా కాదు. పర్వం లేని రోజున సముద్రాన్ని తాకకూడదు."

నేను షాపు సెలవులు చూసుకున్నానే గాని పంచాంగం చూడలేదు. మాఘ పౌర్ణమికి ఇంకా వారం ఉంది. అత్తగారు ఎరిగిన సముద్రం ఆ పౌర్ణమి పుణ్యస్నానాలదే. కిక్కిరిసిన జనంలో ఎవరి చెయ్యో పట్టుకుని మూడు మునకలు వేయడం, తడిచీరతో బయటికి రావడం. పక్కన మావారి మొహం వెలిగిపోతోంది. "హాయిగా అన్నవరం వెళ్ళుంటే..." అని మొదలెట్టారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ ఏడుపు కనపడకూడదని, కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ఒక్కదాన్నే నీళ్ళలోకి నడిచాను.

కాసేపటికి వెనక్కి చూస్తే అత్తగారు కొంచెం ముందుకి జరిగి కూర్చున్నారు. మళ్ళీ చూస్తే ఇంకాస్త ముందుకొచ్చారు. ఇంతలో ఒక పెద్ద అల నన్ను దాటుకుంటూ వెళ్ళి, ఆవిడ పాదాల్ని తడిపి, చీర అంచు కూడా తడిపి వెనక్కొచ్చింది.

"అమ్మా, తాకావుగా!" అని అరిచారు మావారు.

అత్తగారు లేచి నిలబడ్డారు. "నేనెక్కడ తాకాన్రా? అదే వచ్చి నన్ను తాకింది. దోషముంటే దానికే."

ఆ మాట అనేసి చరచరా నడుచుకుంటూ మోకాళ్ళ దాకా దిగారు. అల వచ్చినప్పుడల్లా నా భుజం పట్టుకుని ఎగురుతున్నారు! డెబ్భై దాటిన మనిషి పడీ పడీ నవ్వుతుంటే చూసి నాకు పట్టరాని సంతోషం కలిగింది. చీకటి పడుతోంది రమ్మని మావారు ఒడ్డు నుంచి కేకేశారు.

"నువ్వెళ్ళి లాడ్జిలో పడుకోరా," అన్నారు అత్తగారు, ఆయన వైపు చూడనైనా చూడకుండా. తర్వాత నాకేసి తిరిగారు. "అమ్మాయ్, వచ్చే ఏడు ఏ ఊరెళ్దాం?"

"భీమిలి!" అన్నాను, ఒడ్డు మీదికి వినపడేంత గట్టిగా.