ఫ్యాను తిరుగుతూనే ఉంది

ప్రభువుకు స్తోత్రం. హృదయ రహస్యాలు ఎరిగిన దేవునికే మహిమ. ఆయనకు తెలిసిన సంగతే ఇప్పుడు మీకూ చెబుతున్నాను. ఏళ్లుగా ఈ బరువుతోనే సంఘంలో ముందు వరుసలో కూర్చున్నాను. ఇక కూర్చోను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో కడపలో ఒక కాలేజీ కంప్యూటర్ల గది నేను చూసుకునేవాణ్ణి. పరిశోధకులు ఇచ్చిన లెక్కలు అక్కడ వరుసలో నిలబడి, దినాల తరబడి నడిచేవి. నా కుర్చీలోంచి ఒక ఆజ్ఞ టైపు చేస్తే ఏ లెక్కకైనా సంకేతం పోతుంది. ఆగమంటే ఉన్నచోటే ఆగుతుంది, సాగమంటే మళ్లీ సాగుతుంది. చావమంటే అంతే. చేసిందంతా పోతుంది.

సుజాత అనే పరిశోధక విద్యార్థిని అక్కడ గండికోట రాళ్ల వయసు లెక్క కడుతోంది. నెలాఖరుకు ఫలితం చూపకపోతే ఆమె పరిశోధన రద్దవుతుంది. లెక్క మొదలైన తొమ్మిదో రోజు నా పక్కన నిలబడి నవ్వింది.

"మీ దేవుడు ఆరు దినాల్లో సృష్టి ముగించినాడంటివే! ఈ రాళ్లకు కోట్ల ఏండ్లు పట్టినాయన్నా. శానా నిదానస్తుడు!"

గదిలో అందరూ నవ్వారు. ఆమె పోయి కిటికీ దగ్గర కూర్చుంది. నేను ఆమె లెక్కకు చావమని సంకేతం పంపాను. ఆగమని పంపొచ్చు కదా? కోపం చల్లారాక సాగమనొచ్చు కదా? ఆ రెండు సంకేతాల తేడా ఆ గదిలో నాకంటే బాగా ఎవరికి తెలుసు? తెలిసే పంపాను.

"అన్నా, నా లెక్క యాడ పోయింది?"

"కరెంటు పోయింది చెల్లెమ్మా, ఒక్క క్షణం."

"నేను ఈడనే ఉండా గదన్నా. ఫ్యాను తిరుగుతానే ఉండాది!"

"మిషన్ల లైను వేరేలే."

ఆమె నమ్మలేదు. నిరూపించనూ లేకపోయింది. మళ్లీ మొదలుపెట్టడానికి దినాలు చాల్లేదు. మైదుకూరు వెళ్లి వాళ్ల నాన్న విత్తనాల అంగట్లో కూర్చుంది.

అంతటితో ఆగానా? ఆ ఆదివారం సంఘంలో లేచి సాక్ష్యం చెప్పాను. వాక్యాన్ని ఎగతాళి చేసిన లెక్కను దేవుడే కరెంటు తీసి ఆపాడన్నాను. హల్లెలూయా అని చప్పట్లు కొట్టారు. అబద్ధ సాక్ష్యం పలకరాదని సండేస్కూలు పిల్లలకు నేర్పిన నోరే అది.

సాతాను చేయించాడని అనను. నా తప్పును వాడికి కూడా ఇవ్వను. విశ్వాసం కోసం చేశానని ఎవరూ నన్ను వెనకేసుకు రావద్దు. నా విశ్వాసం నిన్నటిలాగే ఈరోజూ నిలిచి ఉంది. దేవుణ్ణి ఒక లెక్క నుంచి కాపాడబోయింది విశ్వాసం కాదు, నలుగురిలో నవ్వులపాలైన నా పగ. ఈ ఆదివారం అదే చోట నిలబడి ఇదే చెబుతాను. వెలివేస్తే వెలివేయండి. సుజాత క్షమించకపోతే అది ఆమె న్యాయం.

నాతో కలిసి ప్రార్థించండి. క్షమించమని కాదు. ఇంతే అనండి: ప్రభువా, ఆ రోజు కరెంటు పోలేదు. ఆపింది నువ్వు కాదు, వీడు. ఆమేన్.