మామకు రాయని కార్డు

మొన్న నా ముక్కు చూపించుకుని వచ్చిన మరునాడే, ఆరు నెలలకు మళ్ళీ రావాలంటూ ఫోనుకు మెసేజి వచ్చింది. మా కోడలు చదివి వినిపించి తన పనిలో పడింది గానీ, నాకు ఆ పూట అన్నం సహించలేదు.

తొంభైల చివర్లో నేను నంద్యాలలో ఒక చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారి దగ్గర కాంపౌండరుగా ఉండేవాణ్ణి. ముఖం మీద కోత పెట్టకుండా, చివర దీపమున్న సన్నని గొట్టాన్ని ముక్కులోకి పంపి, టీవీలో చూస్తూ గడ్డలు తీయడం మా వైపు అప్పుడప్పుడే మొదలైంది. వాటిలో ఒక రకం ఉండేది. క్యాన్సరు కాదు, నొప్పీ పెట్టదు, కానీ రవ్వంత మిగిలినా మళ్ళీ మొలుస్తుంది, వదిలేస్తే ఎముకను తినేస్తుంది, ఒక్కోసారి క్యాన్సరుగానూ మారుతుంది. అందుకే ఆపరేషనైనవాళ్ళు ఏళ్ళ తరబడి ఆరు నెలలకోసారి వచ్చి లోపల చూపించుకోవాలి. ఊపిరి బాగా ఆడుతుంటే ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది? గడువు దగ్గరపడగానే అందరికీ పోస్టుకార్డులు రాయడం నా పని. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని డాక్టరుగారు మెచ్చుకుంటే పొంగిపోయేవాణ్ణి.

మా మేనమామ ఆళ్లగడ్డలో దేవుడి విగ్రహాలు చెక్కేవాడు. కుడి ముక్కు మూసుకుపోతే రాతి దుమ్మేనని రెండేళ్ళు సరిపెట్టుకున్న మనిషిని నేనే పట్టుబట్టి తెచ్చి ఆపరేషను చేయించాను. తేలింది ఆ రకం గడ్డే. మొదటి రెండుసార్లూ నా కార్డు జేబులో పెట్టుకుని చెప్పిన రోజుకే వచ్చాడు. మూడోసారి, ఇంటి మనిషికి కార్డేమిటి, పరాయివాళ్ళకు రాసినట్టు, ఊరికి పోయినప్పుడు చెబుదాంలే అనుకున్నాను. ఆ ఏడు నా పెళ్ళి, కొత్త కాపురం. పోనూ లేదు, చెప్పనూ లేదు.

ఏడాది దాటాక వచ్చాడు, కుడి కన్ను ఉబ్బి బయటికి పొడుచుకొచ్చి ఉంది. డాక్టరుగారు లోపల చూసి వెంటనే హైదరాబాదు పంపించారు. గడ్డ ఎముకను దాటి కంటిలోకి పోయింది, క్యాన్సరుగానూ మారింది. ప్రాణం దక్కించడానికి కన్ను తీసేశారు.

ముక్కు మళ్ళీ మూసుకుపోయినప్పుడే ఎందుకు రాలేదని, మంచం పక్కన కూర్చుని కోపంగానే అడిగాను.

"నీ కార్డు రాలేదు గదరా అల్లుడూ. ఆడ నువ్వుండావు, రావాల్సిన పనుంటే రాయకుంటావా అనుకుంటి" అన్నాడు.

నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట చెప్పినట్టే చెప్పాడు. అదే నన్ను ఇప్పటికీ నిలవనీయదు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు బతికాడు, ఉలీ పట్టాడు. విగ్రహానికి చివర్లో కళ్ళు దిద్దే పని మాత్రం కొడుక్కి వదిలేశాడు.

చేతిరాత కరువైందని, ఆప్యాయతలు పోయాయని మా తరంవాళ్ళం కూర్చున్నప్పుడల్లా వాపోతుంటాం. నేనూ తలాడిస్తాను. కానీ ఈ మెసేజి పంపే యంత్రానికి మేనమామ ఎవరో, పరాయివాడు ఎవరో తెలియదు, అందరికీ పంపుతుంది. నాకు తెలుసు గనకనే నేను పంపలేదు.