కొండపల్లి ఘాట్ రోడ్డులో చరిత్ర పాఠం

గేర్ల సైకిల్ కొన్నాక మా అక్క మొగుడు ఆదివారం వస్తే చాలు, కజిన్లందర్నీ కొండపల్లి కోటకి బయల్దేరదీసేవాడు. ఘాట్ రోడ్డులో తనకి ఊపిరాడనప్పుడల్లా సైకిల్ ఆపి రెడ్డిరాజుల చరిత్ర ఎత్తుకునేవాడు. నేను ఓసారి సగంలో దిగి నడిస్తే మాత్రం, ఆ సంగతి ఓ పెళ్లి భోజనాల్లో బంతి బంతికీ చెప్పి నవ్వించాడు. విస్తట్లో అన్నం వదిలేసి లేచాను.

మర్నాటి నుంచి ఉయ్యూరు దగ్గర, చెరకు ట్రాక్టర్లు గోతులు చేసిన కాలవగట్టు మీద కసిగా తొక్కాను.

పోయిన వారం మా బావ చరిత్ర మొదలెట్టగానే నేను ఆగకుండా వెళ్లి కోట గుమ్మంలో కూర్చున్నాను. సైకిల్ తోసుకుంటూ, రొప్పుతూ వచ్చాడు.

"బావగారూ, ఈ కోట ఎవరు కట్టించారండీ?" అందరూ వినేలా అడిగాను.

రొప్పుతూనే చెయ్యెత్తి ఆగమన్నాడు. నీళ్ల సీసా ఎత్తబోతుంటే మళ్లీ అడిగాను.

"ఏ రాజండీ?"